ఫ్రాంచైజీకి దరఖాస్తు చేయడం ఎలా? కంపెనీ మీలో ఏం చూస్తుంది?

ఈ విషయం మీద వచ్చే ప్రశ్నలు రెండు రకాలు. "డబ్బు సిద్ధంగా ఉంది, ఫలానా బ్రాండ్‌కి అప్లై చేశాను, ఉలుకూ పలుకూ లేదు. ఎందుకు?" అన్నది మొదటిది. "అప్లై చేసిన రెండో రోజే మీరు ఎంపికయ్యారన్నారు, అడ్వాన్స్ కట్టమంటున్నారు. కట్టొచ్చా?" అన్నది రెండోది.

రెండింటి వెనకా ఉన్న సంగతి ఒకటే. ఫ్రాంచైజీ తీసుకుంటే మీ చేతికి వచ్చేది ఒక కంపెనీ పేరు మీద, దాని పద్ధతిలో, కొన్నేళ్లపాటు వ్యాపారం చేసుకునే హక్కు. మీ దుకాణంలో సరుకు పాడైతే, మీ మనిషి కస్టమర్‌తో దురుసుగా మాట్లాడితే చెడ్డపేరు వచ్చేది ఆ కంపెనీకి. కాబట్టి పేరు మీద బతికే కంపెనీ మిమ్మల్ని అన్నివైపుల నుంచీ ఆరా తీస్తుంది. ఆరా తీయకుండా సరేనందంటే దాని ఆదాయం మీ అమ్మకాల మీద కాకుండా, మీరు మొదట్లో కట్టే ఫీజు మీదే ఆధారపడి ఉందేమోనని అనుమానించాలి. గట్టిగా పరీక్షించే కంపెనీకే దరఖాస్తు చేయండి. ఆ పరీక్షకు ఎలా సిద్ధపడాలో కింద చెప్తున్నాను.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- గుర్తింపు, చిరునామా పత్రాలు. భాగస్వాములుంటే వాళ్లవి కూడా.
- గత మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు.
- అన్ని ఖాతాలకూ కనీసం ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్లు. ఏడాదివి ఉంటే ఇంకా మంచిది.
- ఆస్తులు, అప్పుల పట్టిక. ఆడిటర్ సంతకంతో ఉంటే విలువ ఎక్కువ.
- మీ క్రెడిట్ రిపోర్టు. కంపెనీ తీయకముందే మీరు తీసి చూసుకోండి. తీర్చేసిన అప్పు ఇంకా బాకీగా కనిపించడం లాంటి తప్పులు ఉంటే సరిచేయించడానికి వారాలు పడుతుంది.
- ఇప్పటికే వ్యాపారం ఉంటే దాని లాభనష్టాల లెక్కలు.
- ఒకటి రెండు పేజీల బయోడేటా. ఇది ఉద్యోగానికి ఇచ్చే బయోడేటా కాదు. ఎంతమందిని నడిపించారు, ఎంత డబ్బు వ్యవహారం చూశారు, కస్టమర్లతో నేరుగా ఎంతకాలం పనిచేశారు అన్నవి ముందు రావాలి.
- తల్లిదండ్రులో బంధువులో డబ్బిస్తుంటే, అది అప్పా, తిరిగి ఇవ్వక్కర్లేనిదా అని స్పష్టంగా రాసిన ఉత్తరం.

దుకాణానికి స్థలం ముందే చూసుకోవాలా అని చాలామంది అడుగుతారు. సొంత స్థలం ఉంటే దాని కాగితాలు, కొలతలు, ఫొటోలు దగ్గర పెట్టుకోండి. లేకపోతే ఇప్పుడు అద్దెకు తీసుకోకండి. ఎందుకో తర్వాత చెప్తాను.

1. మీ డబ్బును విడివిడిగా లెక్కేయండి

దరఖాస్తు ఫారంలో రెండు అంకెలు తప్పకుండా అడుగుతారు. ఒకటి నికర ఆస్తి, అంటే ఉన్న ఆస్తుల విలువలోంచి అప్పులన్నీ తీసేస్తే మిగిలేది. రెండోది వెంటనే వాడుకోగల నగదు. ఇల్లు, స్థలం, నగలు మొదటి అంకెలోకి వస్తాయి కానీ రెండో అంకెలోకి రావు. రిటైర్‌మెంట్ కోసం దాచుకున్న నిధిని కూడా చాలా కంపెనీలు నగదుగా లెక్కించవు. ఆస్తి బాగా ఉండి కూడా తొలి వడపోతలోనే ఆగిపోయేవాళ్లలో ఎక్కువమంది ఈ రెండో అంకె దగ్గరే ఆగిపోతారు.

నగదు అంటే అప్పు చేయని నగదు. అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ చాలాకాలంగా పెట్టిన షరతు చూడండి: కొత్త రెస్టారెంట్ అయితే మొత్తం ఖర్చులో 40 శాతం, నడుస్తున్నది కొంటే ధరలో 25 శాతం అప్పు తేని సొంత డబ్బు అయి ఉండాలి. శాతం బ్రాండును బట్టి మారుతుంది, సూత్రం మారదు. మొదటి రోజు నుంచే వడ్డీ భారం మోసే యజమాని గిరాకీ తగ్గిన మొదటి నెలలోనే సరుకులోనో జీతాల్లోనో కోత పెడతాడని వాళ్లకు తెలుసు.

ఇక ఖర్చు వైపు. ఫ్రాంచైజీ ఫీజు, ఇంటీరియర్, యంత్రాలు, అద్దె డిపాజిట్, మొదటి సరుకు, లైసెన్సులు, శిక్షణకు వెళ్లొచ్చే ఖర్చు, ప్రారంభ ప్రచారం అన్నీ రాయండి. వీటితో ఆగిపోతే లెక్క తప్పినట్టే. దుకాణం తన ఖర్చులు తానే భరించే దాకా పెట్టాల్సిన డబ్బు, ఆ కాలమంతా మీ ఇల్లు గడవడానికి కావాల్సిన డబ్బు కూడా కలపాలి. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. అమెరికాలో కంపెనీలు ఇచ్చే పెట్టుబడి అంచనా పట్టికలో "అదనపు నిధులు" అని ఒక వరస ఉంటుంది. సాధారణంగా అది తొలి మూడు నెలలకు వేసిన లెక్క. మూడు నెలల్లో లాభం వస్తుందని దాని అర్థం కాదు. కనీసం ఏడాదికి సరిపడా ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోమని నా సలహా.

సరిచూసుకోవడం ఎలా: మొత్తం ఖర్చులోంచి మీ సొంత నగదు తీసేయండి. మిగిలినదానికి బ్యాంకు ఎంత ఇస్తుందో నోటిమాట కాకుండా రాతపూర్వకంగా ఒక అంచనా తెచ్చుకోండి. ఇంకా లోటు కనిపిస్తే దరఖాస్తు ఆపి చిన్న పెట్టుబడి బ్రాండ్ చూడండి.

2. ఎదుటివాళ్లు నిజంగా ఆ కంపెనీయేనా?

పేరున్న బ్రాండ్ల లోగోలతో నకిలీ వెబ్‌సైట్లు పెట్టి, రిజిస్ట్రేషన్ ఫీజు, ఎన్‌ఓసీ ఫీజు అంటూ విడతలవారీగా లాగేసే ముఠాలు ఉన్నాయి. ఫారం నింపకముందే మూడు పనులు చేయండి. బ్రాండ్ వెబ్‌సైట్ చిరునామాను దుకాణంలోని బిల్లు మీదో, ప్యాకింగ్ మీదో చూసి మీ చేత్తో టైప్ చేసుకుని వెళ్లండి. ప్రకటనలో వచ్చిన లింకు నొక్కకండి. కంపెనీల రిజిస్టర్‌లో ఆ సంస్థ పేరు, డైరెక్టర్లు ఉన్నారేమో చూడండి. ట్రేడ్‌మార్క్ ఎవరి పేరు మీద ఉందో వెతకండి.

హెచ్చరిక: వ్యక్తి పేరు మీద ఉన్న ఖాతాకు డబ్బు అడిగితే అది మోసం, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. "మీ ఏరియాకి ఈ రోజే ఆఖరు" అన్నా అంతే.

మధ్యవర్తుల ద్వారా వెళ్లొచ్చా? వెళ్లొచ్చు. ఫ్రాంచైజీ కన్సల్టెంట్లలో చాలామంది మీ దగ్గర ఏమీ తీసుకోరు, మీరు సంతకం చేశాక కంపెనీ నుంచి కమిషన్ తీసుకుంటారు. అంటే వాళ్లు చూపించే జాబితాలో కమిషన్ ఇచ్చే బ్రాండ్లే ఉంటాయి. అది గుర్తు పెట్టుకుని వాడుకోండి.

3. ఏ రకం ఫ్రాంచైజీయో తేల్చుకోండి

డబ్బూ మీదే, నడిపేదీ మీరే అయితే ఎఫ్ఓఎఫ్ఓ. డబ్బు మీది, నడిపేది కంపెనీ అయితే ఎఫ్ఓసీఓ. రెండోదాంట్లో మీ స్వభావాన్ని పెద్దగా పరీక్షించరు. వాళ్లకు కావాల్సింది మీ పెట్టుబడి, ఒక్కోసారి మీ స్థలం. అక్కడ పరీక్ష పెట్టాల్సింది మీరు: నెలనెలా ఇంత అని ఇచ్చిన హామీ నష్టం వచ్చినా ఇస్తారా, ఎక్కడి నుంచి ఇస్తారు, పాత పెట్టుబడిదారులకు నిజంగా ఇస్తున్నారా అని అడగాలి. అమ్మకాలతో సంబంధం లేకుండా స్థిరమైన రాబడి ఇస్తామన్న మాట వినగానే ఒక లాయర్‌కి, ఒక ఆడిటర్‌కి ఆ కాగితాలు చూపించండి.

ఒకే దుకాణమా, ఒక ప్రాంతంలో కొన్నేళ్లలో అయిదారు తెరుస్తానని ఒప్పుకునే ఏరియా ఒప్పందమా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. మొదటిసారి వ్యాపారంలోకి దిగేవాళ్లకు ఒక దుకాణం చాలు. ఏరియా ఒప్పందంలో గడువులోపు తెరవలేకపోతే ఆ ప్రాంతం మీద హక్కు, ముందు కట్టిన ఫీజు రెండూ పోయే అవకాశం ఉంటుంది.

4. ఎంక్వైరీ ఫారం, దరఖాస్తు

మొదటి ఫారం చిన్నది: పేరు, ఊరు, నగదు, ఎప్పుడు మొదలుపెట్టాలనుకుంటున్నారు. ఇందులో "చూద్దాం", "కుదిరినప్పుడు" అని రాస్తే ఎవరూ ఫోన్ చేయరు. ఖచ్చితమైన అంకె, ఖచ్చితమైన నెల రాయండి.

తర్వాత వచ్చే దరఖాస్తు పెద్దది. మీరు రాసిన ప్రతి అంకెకూ కాగితం అడుగుతారు. నాలుగు చోట్ల జాగ్రత్త.

స్టేట్‌మెంట్ ఇచ్చే వారం ముందు స్నేహితుడి దగ్గర చేబదులు తెచ్చి ఖాతాలో వేయడం పనికిరాదు. పరిశీలించేవాళ్లు ఆఖరి రోజు నిల్వను చూసి ఊరుకోరు. ఆరు నెలల్లో డబ్బు ఎలా చేరిందో చూస్తారు. ఒక్కసారిగా వచ్చిపడిన మొత్తానికి మూలం చెప్పలేకపోతే ఫైలు అక్కడితో మూసేస్తారు.

గతంలో దివాలా, చెక్ బౌన్స్ కేసు, మూతపడిన వ్యాపారం ఉంటే దాచకండి. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో అది బయటపడుతుంది. ఏం జరిగింది, ఎలా తేల్చుకున్నారు, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది అని నాలుగు వాక్యాల్లో మీరే రాసి జతచేయండి. దెబ్బతిని నిలబడిన మనిషిని తీసుకునే కంపెనీలున్నాయి. దాచిన మనిషిని తీసుకునేవి ఉండవు.

"ఈ బ్రాండే ఎందుకు?" అన్న ప్రశ్నకు "చిన్నప్పటి నుంచి ఇష్టం" అని రాసేవాళ్లు లెక్కలేనంతమంది. ఇష్టం కస్టమర్‌కి ఉంటే చాలు. ఆ దుకాణంలో రోజూ జరిగే పనికీ, మీరు ఇన్నాళ్లూ చేసిన పనికీ ఉన్న పొత్తు రాయండి. గోడౌన్‌లో స్టాక్ చూశారా, ఆస్పత్రిలో షిఫ్టులు వేశారా, బడి నడిపారా, అది రాయండి.

ఇతర వ్యాపారాలుంటే అన్నీ పేర్కొనండి. పోటీ వ్యాపారంలో మీకో మీ కుటుంబానికో వాటా ఉన్నట్టు తర్వాత తెలిస్తే ఒప్పందమే రద్దు కావచ్చు.

5. వెల్లడి పత్రం తీసుకుని చదవండి

ఇది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం ప్రకారం కంపెనీ తన సంగతులు బయటపెడుతూ 23 అంశాలతో వెల్లడి పత్రం ఇవ్వాలి. అది మీ చేతికొచ్చి 14 రోజులు గడిచేదాకా మీ నుంచి సంతకం గానీ డబ్బు గానీ తీసుకోకూడదు. ఆస్ట్రేలియాలో సంతకానికి ముందు 14 రోజులు, సంతకం తర్వాత మనసు మార్చుకోవడానికి మరో 14 రోజులు గడువు ఉంటుంది. భారతదేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం, 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం వంటి సాధారణ చట్టాలే వర్తిస్తాయి. బ్రిటన్‌లోనూ ప్రత్యేక చట్టం లేదు. చట్టం అడగని చోట మీరే అడగాలి. అమెరికా పత్రంలో ఉండే అంశాలనే జాబితాగా రాసి, "వీటికి రాతపూర్వకంగా జవాబివ్వండి" అని ఈమెయిల్ పంపండి. ఇచ్చే తీరును బట్టి కంపెనీ ఏమిటో సగం తెలిసిపోతుంది.

ఆ 23 అంశాల్లో ముందుగా చదవాల్సినవి ఇవి. 3వ అంశంలో కోర్టు కేసులు: ఫ్రాంచైజీ యజమానులే కేసులు వేస్తుంటే కారణం చూడండి. 5, 6 అంశాల్లో ఫీజులు. 7లో మొత్తం పెట్టుబడి. 12లో ప్రాంతం: మీ దుకాణం పక్కనే ఇంకొకటి పెట్టకూడదన్న హామీ ఉందా, ఆన్‌లైన్ అమ్మకాలు ఎవరి ఖాతాలోకి వెళ్తాయి? 17లో రెన్యూవల్, రద్దు షరతులు. 19లో సంపాదన వివరాలు, 20లో ఎన్ని దుకాణాలు తెరిచారు, ఎన్ని మూతపడ్డాయి, చేతులు మారినవి ఎన్ని. 19వ అంశంలో సంపాదన అంకెలు ఇవ్వాలన్న నిర్బంధం అక్కడ కూడా లేదు. ఇవ్వకపోతే మాత్రం సేల్స్ మనిషి నోటితో చెప్పకూడదు. చెబితే అది నియమాన్ని అతిక్రమించడమే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. రాయల్టీ, అంటే పేరు, పద్ధతి వాడుకుంటున్నందుకు కంపెనీకి ఇచ్చే వాటా, సాధారణంగా లాభం మీద కాదు, మొత్తం అమ్మకాల మీద కడతారు. అమ్మకాలు 100 అనుకోండి. సరుకుకు 35, అద్దె, జీతాలు, కరెంటు లాంటి కదలని ఖర్చులకు 50 పోతే 15 మిగిలింది. రాయల్టీ 6 శాతం, ప్రచార నిధి 2 శాతం కట్టాక చేతిలో 7. అమ్మకాలు 90కి తగ్గితే? సరుకు 31.5, కదలని ఖర్చు అదే 50, మిగిలింది 8.5. అందులో కంపెనీకి 7.2 పోతే మీకు 1.3. అమ్మకాలు 85 అయితే జేబులోంచి పెట్టాలి. బ్యాంకు వాయిదా ఇంకా ఇందులో కలపలేదు. ఈ లెక్కను మీ అసలు అంకెలతో వేసి, అమ్మకాలు ఎంత తగ్గేదాకా మీరు తట్టుకోగలరో కాగితం మీద రాసుకోండి. ఇంటర్వ్యూలో ఇదే ప్రశ్న మరో రూపంలో వస్తుంది.

6. ఇప్పుడు నడుపుతున్నవాళ్లతో మాట్లాడండి

కంపెనీ ఇచ్చిన నంబర్లు కాక, మీరే ఎంచుకున్న దుకాణాలకు వెళ్లండి. కొత్తగా పెట్టినవాళ్లు, పాతవాళ్లు, వదిలేసినవాళ్లు, ముగ్గురితోనూ మాట్లాడాలి. వదిలేసినవాళ్లు కొందరు ఒప్పందం వల్ల నోరు విప్పలేరు, బలవంతపెట్టకండి. రద్దీ లేని వేళ వెళ్లి, ముందే ఫోన్ చేసి, పదిహేను నిమిషాలు అడగండి. "ఎంత సంపాదిస్తున్నారు?" అని మొదలుపెడితే తలుపు మూసుకుపోతుంది. ఇలా అడగండి:

- మీ లెక్క కన్నా ఎక్కువ ఖర్చయింది దేనికి?
- ఖర్చులు పోను మిగలడం ఎన్నో నెలలో మొదలైంది?
- యంత్రం పాడైతే, సరుకు ఆలస్యమైతే కంపెనీ ఎలా స్పందిస్తుంది?
- సరుకు కంపెనీ దగ్గరే కొనాలా? బయటి ధరతో పోలిస్తే ఎలా ఉంది?
- మళ్లీ మొదటికి వెళ్తే ఇదే నిర్ణయం తీసుకుంటారా?

చివరి ప్రశ్న తర్వాత జవాబు వచ్చేదాకా మాట్లాడకండి. ఇంకో సంగతి: మీరు ఎంతమందిని కలిశారో, ఏం అడిగారో కంపెనీలకు తెలుస్తూనే ఉంటుంది. కొన్ని కంపెనీలు ఆ యజమానుల అభిప్రాయం కూడా తీసుకుంటాయి. అంటే ఇదీ మీ పరీక్షలో భాగమే.

7. ఇంటర్వ్యూ, దుకాణంలో పని రోజులు

అసలు ఎంపిక ఇక్కడే జరుగుతుంది. బ్రాండును బట్టి ఇది ఫోన్ సంభాషణలతో మొదలై, ఒక ప్రశ్నావళి, ముఖాముఖి, ప్రధాన కార్యాలయంలో ఒక రోజు, దుకాణంలో కొన్ని రోజులు పని చేయించడం దాకా వెళ్తుంది. చివర్లో ఒక కమిటీ కూర్చుని తేలుస్తుంది. వాళ్లు వెతికేవాటిని ప్రాధాన్యం ప్రకారం చెప్తాను.

మొట్టమొదటిది, చెప్పిన పద్ధతిలో చేస్తారా లేదా. సొంత తెలివి బాగా ఉన్నవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. "మీ మాన్యువల్‌లో ఒక పద్ధతి మీకు నచ్చలేదు, ఏం చేస్తారు?" అని అడుగుతారు. "నా అనుభవంతో మెరుగుపరుస్తాను" అంటే మార్కులు పోయినట్టే. "ముందు ఉన్నది ఉన్నట్టు చేస్తాను, తేడా కనిపిస్తే లెక్కలతో మీకు రాస్తాను, మీరు సరేనన్నాకే మారుస్తాను" అన్నది వాళ్లకు కావాల్సిన మాట. ఇది మీ మనసులో లేకపోతే అబద్ధం చెప్పకండి. మీరు సొంత బ్రాండ్ పెట్టుకోవాల్సిన మనిషి. పదేళ్ల ఒప్పందంలో ఇరుక్కుంటే మీకూ నరకం, వాళ్లకూ నరకం.

రెండోది, రోజూ దుకాణంలో ఎవరు ఉంటారు. "మేనేజర్‌ని పెడతాను, నేను వారానికోసారి చూస్తాను" అన్న జవాబుకే చాలా దరఖాస్తులు పోతాయి. మీరు ఉద్యోగం చేస్తూ జీవిత భాగస్వామి నడిపేట్టయితే, ఇంటర్వ్యూకి ఆ మనిషిని తీసుకెళ్లండి, జవాబులు ఆ మనిషినే చెప్పనివ్వండి. దూరంగా ఉండి నడపడానికి అనుమతించే బ్రాండ్లూ ఉన్నాయి. అలాంటివాటినే ఎంచుకోండి కానీ, కుదరదన్న చోట కుదురుతుందని నమ్మించబోకండి.

మూడోది, మనుషులతో పని చేయించుకోవడం. ఎవరినైనా ఉద్యోగంలోంచి తీసేశారా, ఎలా చెప్పారు, పండగ రోజు ఇద్దరు రాకపోతే ఏం చేశారు లాంటివి అడుగుతారు. "నేను టీమ్‌ని కుటుంబంలా చూస్తాను" అంటే ఏమీ చెప్పనట్టే. ఒక సంఘటన చెప్పండి: ఏం జరిగింది, మీరేం చేశారు, చివరికి ఏమైంది. ఇలాంటి నాలుగైదు సంఘటనలు ముందే గుర్తు తెచ్చుకుని ఉంచుకోండి. ఆ రంగంలో అనుభవం లేకపోయినా చాలా బ్రాండ్లు నేర్పుతాయి. మనుషులను నడిపించిన అనుభవం లేకపోవడం మాత్రం నేర్పడానికి కష్టమైన లోటు. అమెరికాలో డొమినోస్ ఫ్రాంచైజీ యజమానుల్లో అత్యధికులు ఒకప్పుడు అదే దుకాణాల్లో డెలివరీ పనో, లోపలి పనో చేసినవాళ్లే కావడానికి కారణం కూడా ఇదే.

నాలుగోది, ఇంట్లోవాళ్ల ఒప్పుదల. కొన్ని కంపెనీలు జీవిత భాగస్వామిని తప్పకుండా కలుస్తాయి. ఇంటి ఆస్తి హామీగా పెట్టాల్సి రావచ్చు, మొదటి ఏడాది సెలవులు ఉండవు. ఇవి ఇంట్లో మాట్లాడుకోకుండా వెళ్తే ఆ గదిలోనే తెలిసిపోతుంది.

వ్యక్తిత్వ ప్రశ్నావళి ఇస్తే సహజంగా నింపండి. ఒకే సంగతిని నాలుగు రకాలుగా అడిగేలా వాటిని తయారుచేస్తారు, నటన నిలవదు.

దుకాణంలో పని రోజుల్లో వాళ్లు చూసేది చిన్నచిన్న సంగతులు. వేళకు వచ్చారా? నేల తుడవమంటే తుడిచారా, లేక "నేను ఓనర్‌గా వచ్చాను" అన్నట్టు నిలబడ్డారా? ఇరవై ఏళ్ల షిఫ్ట్ మేనేజర్ చెప్పిన మాట విన్నారా? వచ్చే ప్రతి మనిషినీ కళ్లలోకి చూసి పలకరించారా? మంచి బూట్లు వేసుకెళ్లండి, ఫోన్ పక్కన పెట్టండి, చిన్న నోటు పుస్తకం జేబులో ఉంచుకోండి. ఆ రోజుల్లో పని మీకే నచ్చకపోతే అది ఎంతో విలువైన సమాచారం. డబ్బు పెట్టకముందే తెలిసింది.

బిజినెస్ ప్లాన్ అడిగితే పది పేజీలు దాటించకండి. మీ ప్రాంతంలో కస్టమర్లు ఎవరు, పోటీ దుకాణాలు ఎన్ని, నెలవారీ డబ్బు రాకపోకల లెక్క ఏమిటి, అమ్మకాలు తగ్గితే మొదట ఏం చేస్తారు అన్నవి ఉండాలి. అయిదో అడుగులో వేసిన లెక్క ఇక్కడ పెట్టండి. తగ్గుదలను ముందే ఆలోచించుకున్న అభ్యర్థి అరుదు, కమిటీకి గుర్తుండిపోతాడు.

మీరు అడగాల్సినవీ ఉన్నాయి. గత ఏడాది ఎంతమంది దరఖాస్తు చేస్తే ఎంతమందిని తీసుకున్నారు? వదిలి వెళ్లినవాళ్లు ఎందుకు వెళ్లారు? నాకు సహాయం చేసే ఫీల్డ్ మనిషి ఎన్ని దుకాణాలు చూస్తాడు? ఈ ప్రశ్నలకు విసుక్కుంటే ఆ విసుగును ఒప్పంద కాలమంతా భరించాల్సి ఉంటుంది.

8. ఆమోదం వచ్చాక, సంతకానికి ముందు

ఆమోదపు ఉత్తరం ఒప్పందం కాదు. ఒప్పందాన్ని ఫ్రాంచైజీ వ్యవహారాలు తెలిసిన లాయర్‌కి చూపించండి. కంపెనీ పేరు మీద సంతకం చేసినా వ్యక్తిగత హామీ కూడా అడుగుతారు, అంటే దుకాణం మునిగితే మీ ఇల్లు కూడా లెక్కలోకి వస్తుంది. దాని పరిమితి ఎంతో, ఎప్పుడు ముగుస్తుందో రాయించుకోండి. ఫ్రాంచైజీ కాలం, దుకాణం లీజు కాలం ఒకేసారి ముగిసేలా చూసుకోండి. లీజు ముందు ముగిస్తే చోటు లేని ఫ్రాంచైజీ, ఫ్రాంచైజీ ముందు ముగిస్తే పేరు లేని అద్దె మిగులుతాయి. నోటిమాటగా చెప్పిన ప్రతి హామీనీ ఒప్పందంలోకి ఎక్కించండి. చాలా ఒప్పందాల్లో "ఇందులో రాసినది తప్ప వేరే మాట ఏదీ చెల్లదు" అన్న షరతు ఉంటుంది.

శిక్షణలో కూడా పరీక్ష ఉంటుంది. అందులో నెగ్గకపోతే తెరవనివ్వకుండా ఆపే హక్కు కొన్ని కంపెనీలు ఉంచుకుంటాయి. అప్పుడు ఫీజులో ఎంత వెనక్కి ఇస్తారో ముందే చూసుకోండి.

పదే పదే కనిపించే తప్పులు

ఆమోదం రాకముందే ఉద్యోగానికి రాజీనామా ఇవ్వడం. తొందరలో స్థలం లీజుకు తీసుకోవడం: చోటును కంపెనీ ఆమోదించాలి, వాళ్లు వద్దంటే అద్దె మీ నెత్తిన పడుతుంది. అందుకే మొదట్లో ఆగమన్నాను. తేదీలు, ఫోన్ చేస్తామన్న వేళలు పట్టించుకోకపోవడం: కాగితం ఆలస్యంగా పంపే దరఖాస్తుదారు రేపు రాయల్టీ కూడా ఆలస్యంగా కడతాడని వాళ్లు అనుకుంటారు, అది అన్యాయమేమీ కాదు. ఇంటర్వ్యూలో మెనూ మారుస్తాననో, రేట్లు తగ్గిస్తాననో చెప్పడం. ఇద్దరు స్నేహితులు సగం సగం అని నోటిమాట అనుకుని వచ్చి, "గొడవొస్తే చివరి మాట ఎవరిది?" అన్న ప్రశ్నకు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం. భాగస్వామ్య పత్రం రాసుకున్నాకే రండి.

కాదంటే ఏం చేయాలి?

కారణం అడగండి, మర్యాదగా, రాతపూర్వకంగా. అన్ని కంపెనీలూ చెప్పవు, చెప్పిన కారణం చాలావరకు నాలుగు రకాల్లో ఒకటి అవుతుంది.

మీ ప్రాంతంలో ఖాళీ లేదంటే, అది మీ మీద తీర్పు కాదు. పక్క ప్రాంతం అడగండి, లేదా నడుస్తున్న దుకాణం ఎవరైనా అమ్ముతున్నారేమో కనుక్కోండి. కొన్నా కంపెనీ ఆమోదం కావాలి, బదిలీ ఫీజు ఉంటుంది, కానీ అసలు అమ్మకాల లెక్కలు కళ్లముందు ఉంటాయి. అమ్మేవాళ్ల పన్ను రిటర్నులు, కంపెనీకి పంపిన అమ్మకాల నివేదికలు పక్కపక్కన పెట్టి సరిపోల్చండి.

డబ్బు చాలదంటే ఎంత చాలదో అడగండి. అప్పు తెచ్చి పూడ్చకండి. డబ్బు పెట్టడమే కాక పనిలోనూ ఉండే భాగస్వామిని వెతకడం మేలు.

అనుభవం లేదంటే, అదే బ్రాండ్ దుకాణంలోనో దాని పోటీదారు దగ్గరో మేనేజర్ స్థాయి ఉద్యోగం చూసుకోండి. ఏడాది చేశాక అదే దరఖాస్తు కొత్తగా కనిపిస్తుంది.

"మీరు మాకు సరిపోరు" అంటే మాత్రం వెంటనే ఇంకో బ్రాండ్‌కి అదే ఫారం పంపకండి. ఏడో అడుగులోని ప్రశ్నలను మిమ్మల్ని బాగా ఎరిగిన మనిషి చేత అడిగించుకుని, జవాబులు ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. పద్ధతిని పాటించడం దగ్గర తడబడుతున్నారా, రోజూ ఉండటం దగ్గరా, మనుషుల దగ్గరా అన్నది అందులో వినిపిస్తుంది. మళ్లీ దరఖాస్తు చేసేటప్పుడు పాత తిరస్కరణను ప్రస్తావించి, అప్పటి నుంచి ఏం మారిందో కాగితాలతో సహా మొదటి పేజీలోనే పెట్టండి. మీ పాత ఫైలు వాళ్ల దగ్గర ఉంటుంది.